లెవిట్‌కు చేతకాలేదా, ఇష్టం లేకపోయిందా?

ప్రశ్న: నేను ప్లానింగ్ విద్యార్థిని. అమెరికాలో లెవిట్‌టౌన్లు కట్టిన విలియం లెవిట్ గురించి సెమినార్ ఇవ్వాలి. సామాన్యుడికి సొంత ఇల్లు ఇచ్చిన మహానుభావుడని కొందరు, జాతి వివక్షను ఇటుకల్లో పేర్చినవాడని మరికొందరు రాశారు. ఎవరిని నమ్మాలి? అంత సంపాదించిన మనిషి చివరికి ఎలా దివాలా తీశాడు?

సమాధానం:

సివిల్ ఇంజనీరుగా ముప్పై ఆరేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. అందులో ఎక్కువ భాగం హైదరాబాదు శివార్లలో లేఅవుట్లు వేయించడం, వరస ఇళ్లు కట్టించడంలోనే గడిచింది. లెవిట్ పేరు నేను కాలేజీలో వినలేదు, సైటులో విన్నాను. ఒకే నమూనాలో 120 ఇళ్లు కట్టాల్సి వచ్చి మేమంతా తలలు పట్టుకున్నప్పుడు, మా పెద్ద ఇంజనీరు గారు "రోజుకు ముప్పై ఇళ్లు కట్టినవాడు ఒకడున్నాడు, వాడి గురించి చదువు" అన్నారు. అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. కాబట్టి సమాధానం కాస్త పొడవవుతుంది, ఓపిక పట్టండి.

మీరు చెప్పిన రెండు వర్గాల వాళ్లూ నిజమే రాశారు. అయితే మంచి ఒక పళ్లెంలో, చెడు ఇంకో పళ్లెంలో వేసి తూచే పద్ధతి ఈ మనిషి విషయంలో పనికిరాదు. ఆ రెంటికీ ముడి వేసే సంఘటన ఒకటుంది. అది 1947 మే నెలలో, న్యూయార్క్ నగరానికి తూర్పున లాంగ్ ఐలాండ్‌లోని హెంప్‌స్టెడ్ పాలకమండలి సమావేశంలో జరిగింది. ముందు దాని నేపథ్యం చెబుతాను.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున కోటిన్నర మందికి పైగా పనిచేశారు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఉండటానికి ఇళ్లు లేవు. 1930లలో ఆర్థిక మాంద్యం వల్ల, ఆ తర్వాత యుద్ధం వల్ల పదిహేనేళ్ల పాటు నిర్మాణం దాదాపు ఆగిపోయింది. పెళ్లయి పిల్లలున్న జంటలు అత్తమామల ఇళ్లలో ఒక గదిలో సర్దుకున్నారు. కొందరు కోళ్ల షెడ్లలో కాపురం పెట్టారు. షికాగోలో పాత ట్రామ్ పెట్టెలను ఇళ్లుగా అమ్మకానికి పెట్టారు.

అటువంటి సమయంలో లెవిట్ అండ్ సన్స్ అనే కుటుంబ సంస్థ లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప పొలాలు కొనడం మొదలుపెట్టింది. వేళ్లకు పట్టిన నులిపురుగు వల్ల పంట పోయి, రైతులు భూములు అమ్ముకుంటున్న రోజులవి. సంస్థను 1929లో మొదలుపెట్టింది తండ్రి ఏబ్రహాం లెవిట్, వృత్తిరీత్యా న్యాయవాది. పెద్ద కొడుకు విలియం 1907లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసినా డబ్బు సమకూర్చడం, మనుషులను ఒప్పించడం, అమ్మడం అతని చేతిలో విద్యలు. చిన్నవాడు ఆల్ఫ్రెడ్ నమూనాలు గీసేవాడు. ఆర్కిటెక్చర్ ఎక్కడా చదవలేదు. ప్రసిద్ధ ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ లాంగ్ ఐలాండ్‌లోని గ్రేట్ నెక్‌లో ఒక ఇల్లు కట్టిస్తుంటే నెలల తరబడి అక్కడికి వెళ్లి చూసి నేర్చుకున్నాడు. మన దగ్గర ఎందరో మేస్త్రీలు అలాగే నేర్చుకుంటారు. అందుకే ఆల్ఫ్రెడ్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఈ కథలో అతనికి రావలసిన పేరు రాలేదు.

యుద్ధకాలంలో ఈ సంస్థ వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో రక్షణ కార్మికులకు ఇళ్లు కట్టింది. మొదట్లో అన్నీ తప్పులే జరిగాయి. ఆ తప్పుల నుంచే పనిని ముక్కలుగా విడగొట్టడం నేర్చుకున్నారు. తర్వాత విలియం నౌకాదళపు నిర్మాణ విభాగంలో చేరి, పసిఫిక్ దీవుల్లో రాత్రికి రాత్రి విమానాల రన్‌వేలు వేసేవాళ్ల మధ్య పనిచేసి వచ్చాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1947 మేలో లెవిట్, మాజీ సైనికులకు నెలకు 60 డాలర్ల అద్దెకు 2,000 ఇళ్లు కడతానని ప్రకటించాడు. హెంప్‌స్టెడ్ నిర్మాణ నిబంధనల ప్రకారం ప్రతి ఇంటికీ కింద సెల్లార్ ఉండి తీరాలి. సెల్లార్ తవ్వితే ఆ ధరకు ఇల్లు రాదు, ఆ వేగమూ రాదు. నేల మీద నేరుగా కాంక్రీటు పలక పోసి, ఆ పలకలోనే రాగి గొట్టాలు పెట్టి, వేడి నీటితో గదులు వెచ్చబెట్టాలన్నది లెవిట్ల ఆలోచన. నిబంధన ఒప్పుకోదు. ఊరి పెద్దలకూ ఇష్టం లేదు. సెల్లార్ లేని ఇళ్లు వస్తే మురికివాడ తయారవుతుందన్నారు.

లెవిట్ ఏం చేశాడు? స్థానిక దినపత్రిక న్యూస్‌డేను తన వైపు తిప్పుకున్నాడు. మాజీ సైనికులను కూడగట్టాడు. సమావేశం రోజున వందలాది మంది హాలు నిండా, బయట వరండా నిండా నిలబడ్డారు. చేతుల్లో జెండాలు, చంకల్లో పిల్లలు. వాళ్లను చూసి ఏ పాలకమండలి కాదనగలదు? ఏళ్ల తరబడి నడిచిన నిబంధన ఆ రోజుతో మారిపోయింది. అదే ఏడాది అక్టోబరు 1న మొదటి కుటుంబాలు గృహప్రవేశం చేశాయి.

ఈ సమావేశాన్ని గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

నిర్మాణ పద్ధతి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కారు ఫ్యాక్టరీలో కారు కదులుతుంది, పనివాడు కదలడు. ఇల్లు కదలదు కాబట్టి లెవిట్ పనివాళ్లను కదిలించాడు. ఇంటి పనిని 26 అంచెలుగా విడగొట్టాడు. ఒక జట్టు పలక పోసి పక్క స్థలానికి పోతుంది. వెనకే గోడల చట్రాలు నిలబెట్టే జట్టు, దాని వెనక పైకప్పు జట్టు. రంగుల్లో కూడా తెల్ల రంగు వేసేవాడు వేరు, ఎర్ర రంగు వేసేవాడు వేరు. వాషింగ్ మెషీన్లను నేలకు బిగించడమే పనిగా ఒక మనిషి ఉండేవాడట. ప్రతి స్థలం ముందూ లారీ ఆగి ఒకే రకం సామాను దింపేది. ఆ ఇంటికి కావలసిన కలప, గొట్టాలు, ఇటుకలు, అన్నీ కొలిచి కట్టిన మూటలు. మేకులు సొంతంగా తయారు చేసుకున్నారు. కలప కోసం కాలిఫోర్నియాలో అడవే కొన్నారు. కార్మిక సంఘాలను దూరం పెట్టి, కూలిని రోజు లెక్కన కాక పని లెక్కన ఇచ్చారు. సంఘాలు ధర్నాలు చేసినా ఆగలేదు. 1948 నాటికి రోజుకు 30 ఇళ్లు పూర్తయ్యేవి.

మన సైట్లలో ఎప్పుడైనా నిలబడినవాళ్లకు ఆ అంకె విలువ తెలుస్తుంది. ఇసుక లారీ రాలేదని సెంట్రింగ్ వాళ్లు కూర్చుంటారు, వాళ్లు కూర్చున్నారని కడ్డీలు కట్టేవాళ్లు వేరే సైటుకు వెళ్లిపోతారు. మేం ఆ 120 ఇళ్లకు మూడేళ్లు తీసుకున్నాం. లెవిట్ గొప్పతనమంతా ఒకరి కోసం ఇంకొకరు ఎదురుచూడకుండా చేయడంలోనే ఉంది. ఇప్పుడు హైదరాబాదులో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో వారానికో అంతస్తు లేపుతున్నారు. వాళ్ల పనివేళల పట్టిక చూస్తే నాకు ఆ 26 అంచెలే కనిపిస్తాయి.

ఇల్లు చిన్నది. సుమారు 750 చదరపు అడుగులు, రెండు పడక గదులు. స్థలం మాత్రం 60 అడుగులకు 100 అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 667 గజాలు. పై అటకను కావాలనే ఖాళీగా వదిలేశారు, పిల్లలు పుట్టాక గదులుగా మార్చుకోవచ్చని. 1949లో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు ధర 7,990 డాలర్లు. మాజీ సైనికుడైతే చేతి నుంచి పైసా పెట్టనవసరం లేదు, నెలకు 58 డాలర్లు కడితే చాలు. ఆ మార్చిలో ఒక్క రోజులోనే 1,400 ఒప్పందాలు రాశారు. జనం రాత్రుళ్లు వరసలో పడుకున్నారు. 1951 నాటికి మొత్తం 17,447 ఇళ్లు లేచాయి. ఐలాండ్ ట్రీస్ అన్న పాత పేరు తీసేసి ఆ ఊరికి లెవిట్‌టౌన్ అని సొంత పేరు పెట్టుకున్నాడు. 1950 జూలైలో టైమ్ పత్రిక అతని బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

ఇళ్లన్నీ ఒకే అచ్చులో ఉన్నాయని లూయిస్ మమ్‌ఫోర్డ్ లాంటి విమర్శకులు ఈసడించారు. ఆ విమర్శకు నేను పెద్ద విలువ ఇవ్వను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఒక రోజంతా ఆ లాంగ్ ఐలాండ్ వీధుల్లో నడిచాను. ఒకరు పై అంతస్తు వేశారు, ఒకరు పక్కకు పెంచారు, ఒకరు వసారా దించారు. ఆల్ఫ్రెడ్ గీసిన ఇల్లు యథాతథంగా ఎక్కడైనా ఉందా అని వెతికాను, నాకు కనబడలేదు. మనుషులు ఇంటిని తమదిగా చేసుకోవడానికి అతను చోటు వదిలాడు. మంచి డిజైనరు చేసే పని అదే.

మీ సెమినార్‌లో ఒక మాట తప్పకుండా చెప్పండి. లెవిట్ తన్ను తాను స్వేచ్ఛా వ్యాపారానికి ప్రతినిధిగా చెప్పుకునేవాడు. సొంత ఇల్లూ స్థలమూ ఉన్నవాడు కమ్యూనిస్టు కాలేడని, వాడికి చేసుకోవడానికి బోలెడు పని ఉంటుందని 1948లో అతనన్న మాట చాలా ప్రసిద్ధి. కానీ ఆ ఊరు నిలబడింది ప్రభుత్వ హామీ మీద. మాజీ సైనికుల చట్టం కింద రుణాలకు పూచీ ప్రభుత్వానిది. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ హామీ ఉంది కాబట్టే, ఒక్క ఇల్లు కట్టకముందే వేల ఇళ్లకు బ్యాంకులు డబ్బు ఇచ్చాయి. అదే ప్రభుత్వ సంస్థ, ఒక ప్రాంతంలో ఒకే జాతివాళ్లు ఉంటేనే ఆస్తి విలువ నిలుస్తుందని తన అధికారులకు మార్గదర్శకాలు రాసి ఇచ్చింది. జనం పన్నుల డబ్బుతోనే, ఆ జనంలో కొందరిని బయట నిలబెట్టిన ఏర్పాటు ఇది.

లెవిట్‌టౌన్ తొలి అద్దె ఒప్పందంలో 25వ క్లాజు ఉండేది. శ్వేతజాతివారు తప్ప మరెవరూ ఈ ఇంట్లో నివసించరాదు, ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు అన్నది దాని సారాంశం. అంటే గిన్నెలు తోమడానికి రావచ్చు, కాపురానికి రాకూడదు. ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాగితం మీద ఆ క్లాజు పోయింది. ఆచరణ పోలేదు. అదే యుద్ధంలో పోరాడి, అదే యూనిఫారంతో వచ్చిన నల్లజాతి సైనికుడిని అమ్మకాల కౌంటర్ దగ్గరి నుంచే పంపేసేవారు. 1950లో, ఇంట్లో నల్లజాతి పిల్లలను ఆడుకోనిచ్చిన రెండు శ్వేతజాతి కుటుంబాలకు అద్దె ఒప్పందం పొడిగించలేదు. 1953 నాటికి ఆ ఊళ్లో 70,000 మంది ఉన్నారు. ఒక్క నల్లజాతి నివాసి కూడా లేని అమెరికా ఊళ్లలో అదే అతిపెద్దది.

లెవిట్ స్వయంగా యూదుడు, రబ్బీ (యూదు మతగురువు) మనుమడు. యుద్ధానికి ముందు ఇదే సంస్థ కట్టిన ఖరీదైన కాలనీల్లో యూదులకు కూడా ప్రవేశం లేకుండా షరతులు పెట్టారు. తన వాళ్లనే రానివ్వని గోడ కట్టి అమ్మిన మనిషి అతను.

1954లో ఒక పత్రికకు అతను చెప్పిన సమర్థన చూడండి. యూదుడిగా తన మనసులో జాతి ద్వేషానికి చోటు లేదన్నాడు. కానీ ఒక్క ఇల్లు నల్లజాతి కుటుంబానికి అమ్మితే, శ్వేతజాతి కొనుగోలుదారుల్లో నూటికి 90 లేదా 95 మంది రారన్నాడు. "మేం ఇళ్ల సమస్యనైనా పరిష్కరించగలం, లేదా జాతి సమస్యను పరిష్కరించడానికైనా ప్రయత్నించగలం. రెంటినీ కలపలేం" అన్నది ఆ మాటల సారాంశం.

ఈ మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అదే మాట నేను తెలుగులో విన్నాను.

1990ల మధ్యలో, నగరం చివర ఒక వెంచర్‌లో నేను సైటు ఇంజనీరును. ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, దళితుడు, తూర్పు ముఖం ఉన్న 200 గజాల ప్లాటుకు అడ్వాన్సు కట్టారు. పది రోజుల తర్వాత ఆ వరసలో ప్లాట్లు కొన్నవాళ్లు నలుగురు యజమాని దగ్గరికి వచ్చి మాట్లాడి వెళ్లారు. యజమాని నన్ను పిలిచి కవరు ఇచ్చాడు. "నాకు అటువంటి పట్టింపులేమీ లేవండీ. మిగతావాళ్లు వెనక్కి తగ్గితే వెంచర్ మునుగుతుంది. మీరు నెమ్మదిగా చెప్పి ఇచ్చేయండి" అన్నాడు. నేను ఆ కవరు తీసుకెళ్లి ఇచ్చాను. ప్లాటు కొలతల్లో తేడా వచ్చిందని అబద్ధం చెప్పాను. ఆయన డబ్బు లెక్కపెట్టుకోలేదు. జేబులోంచి రసీదు తీసి, "దీన్ని చించమంటారా, మీకే ఇవ్వమంటారా మాస్టారూ?" అని మాత్రం అడిగారు. ఆయన నన్ను మాస్టారూ అన్నారు. ఆ వెంచర్‌లో నేను చేసిన తప్పు ఆ యజమాని తప్పు కంటే చిన్నదని ఈ రోజుకీ అనుకోలేకపోతున్నాను.

కాబట్టి "మార్కెట్ ఒప్పుకోదు" అన్న సమర్థనను నేను దూరం నుంచి చూసి తీర్పు చెప్పడం లేదు. దానిలో కొంత నిజం ఉందని తెలిసే చెబుతున్నాను. ఇప్పుడు ఆ హెంప్‌స్టెడ్ సమావేశం దగ్గరికి రండి. ఊరి నిబంధన తన లాభానికి అడ్డొచ్చినప్పుడు, దాన్ని మార్కెట్ అనో ఆచారం అనో తలవంచి ఒప్పుకున్నాడా? పత్రికను కదిలించాడు, వందల మందిని కూడగట్టాడు, కొద్ది వారాల్లో మార్పించాడు. సెల్లార్ లేని ఇంట్లో జనం ఉండరని అందరూ అంటే, ఉంటారని నిరూపించాడు. అంత శక్తి, అంత పేరు, అన్ని వేల మంది వరసలో నిలబడే గిరాకీ ఉన్న మనిషి, ఈ ఒక్క విషయంలో నేను నిమిత్తమాత్రుడినన్నాడు. ఇల్లు దొరక్క కోళ్ల షెడ్డులో ఉన్నవాడు పక్కింటివాడి రంగు చూసి 7,990 డాలర్ల ఇల్లు వదులుకునేవాడా? ఆ ప్రశ్నను అమ్మకాల కౌంటర్ దగ్గర ఒక్కసారైనా పరీక్షించి చూడలేదు. నా తీర్పు ఇదే: అతనికి చేతకాక కాదు, అవసరం లేక వదిలేశాడు.

దీనికి మూడు రాష్ట్రాల సాక్ష్యం ఉంది. మీ సెమినార్‌కు ఇదే వెన్నెముక కావాలని నా సలహా.

మొదటిది పెన్సిల్వేనియా. బక్స్ కౌంటీలో, ఉక్కు ఫ్యాక్టరీ పక్కన, 17,311 ఇళ్లతో రెండో లెవిట్‌టౌన్ కట్టాడు. అక్కడ ఇళ్లు అమ్మడం లేదని నల్లజాతివారు వేసిన దావాను 1955లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 1957 ఆగస్టులో విలియం మైయర్స్, డైసీ మైయర్స్ దంపతులు, చిన్న పిల్లలతో, డీప్‌గ్రీన్ లేన్‌లోని ఒక ఇంట్లోకి వచ్చారు. లెవిట్ అమ్మలేదు, ముందున్న యజమాని నుంచి కొనుక్కున్నారు. ఆయన యుద్ధంలో పనిచేసినవాడు, ఆమె చదువుకున్న మనిషి. మొదటి రాత్రే ఇంటి ముందు వందల మంది గుమిగూడారు. రాళ్లతో ముందు గది అద్దం పగలగొట్టారు. రాయి తగిలి ఒక పోలీసు స్పృహ తప్పాడు. అండగా నిలిచిన పక్కింటి యూదు కుటుంబాన్నీ వదల్లేదు. వాళ్ల గోడ మీద, నల్లజాతివారిపై దాడులు చేసే క్లూ క్లక్స్ క్లాన్ అనే ముఠా అక్షరాలు రాశారు. రాష్ట్ర ప్రభుత్వం పోలీసులను పంపి, కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చాకే అల్లరి ఆగింది. మైయర్స్ కుటుంబం కదల్లేదు. నాలుగేళ్లు అక్కడే ఉన్నారు.

నేను ఆ వీధికీ వెళ్లాను. అక్కడ ఒక్కో విభాగంలో వీధుల పేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి, దారి తప్పిన పిల్లలు కూడా ఇల్లు గుర్తుపట్టేలా. డీప్‌గ్రీన్ ఉన్నచోట అన్నీ 'డి' అక్షరంతోనే. పిల్లల కోసం అంత ముందుచూపుతో ఆలోచించిన సంస్థ, ఆ ఇంట్లో ఉన్న పిల్లల మంచం మీద రాయి పడే అవకాశాన్ని ఎందుకు ఆలోచించలేదని అక్కడ నిలబడి చాలాసేపు బాధపడ్డాను.

రెండోది న్యూజెర్సీ. 1958లో విల్లింగ్‌బరో దగ్గర మూడో ఊరు మొదలుపెట్టి, ఇక్కడా నల్లజాతివారికి అమ్మనని ప్రకటించాడు. కానీ ఆ రాష్ట్రంలో ప్రభుత్వ హామీ రుణాలతో కట్టిన ఇళ్లలో వివక్షను నిషేధించే చట్టం ఉంది. ఒక సైనికాధికారి ఫిర్యాదు చేశాడు. లెవిట్ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1960లో ఓడిపోయాడు. అమెరికా సుప్రీంకోర్టూ అతని అప్పీలును కొట్టేసింది. ఓడాక ఏమైంది? సలహాదారును పెట్టుకుని, మతపెద్దలతో మాట్లాడించి, నల్లజాతి కుటుంబాలకు ఇళ్లు అమ్మాడు. పెన్సిల్వేనియా అల్లర్లు ఇక్కడ జరగలేదు. ఊరు మునగలేదు, వ్యాపారమూ మునగలేదు. "రెంటినీ కలపలేం" అని 1954లో అన్న మనిషి, చట్టం మెడ మీద కూర్చుంటే ఆరేళ్లకే కలిపి చూపించాడు.

మూడోది మేరీలాండ్. విల్లింగ్‌బరోలో అమ్ముతున్న రోజుల్లోనే, బౌవీ దగ్గర కడుతున్న బెలెయిర్‌లో నల్లజాతివారికి అమ్మనన్నాడు. 1963లో అక్కడ నిరసనలు జరిగినా కదల్లేదు. కారణం ఒక్కటే, మేరీలాండ్‌లో అటువంటి చట్టం అప్పటికి లేదు. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాకే, ఇక ఎక్కడా వివక్ష పాటించమని అతని సంస్థ ప్రకటించింది. ఆ నెలలోనే దేశమంతటికీ వర్తించే గృహ సమానత్వ చట్టం వచ్చింది.

ఇక్కడ లెవిట్ పక్షాన చెప్పాల్సిన న్యాయం ఒకటుంది. విల్లింగ్‌బరోలో 1970లలో శ్వేతజాతివారు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోవడం నిజంగానే మొదలైంది. భయం పాకకుండా ఉండాలని, ఇళ్ల ముందు 'అమ్మబడును' బోర్డులు పెట్టకూడదని ఊరి పాలకమండలి 1974లో నిషేధం పెట్టింది. అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని 1977లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు అక్కడ నల్లజాతివారే ఎక్కువ. అతని భయం పూర్తిగా ఊహ కాదని ఒప్పుకుంటాను. అయితే పారిపోవడానికి వేరే చోట్లు ఉన్నాయి కాబట్టే జనం పారిపోయారు. మొదటి ఊళ్లోనే, ఇళ్ల కరువు రోజుల్లోనే తలుపు తెరిచి ఉంటే పోవడానికి ఎక్కడుంది? దేశంలో అతిపెద్ద బిల్డరు మొదట చేసిన పనిని మిగతావాళ్లు అనుసరించారు. అతను ఆ దారి వేస్తే ఆ దారిలోనూ నడిచేవాళ్లు.

నష్టం డబ్బులో కూడా లెక్క కట్టవచ్చు. 7,990 డాలర్లకు అమ్మిన లాంగ్ ఐలాండ్ ఇళ్లు ఇప్పుడు 5 లక్షల డాలర్ల పైమాటే. పిల్లల చదువులు, వ్యాపారాలకు పెట్టుబడి, వృద్ధాప్యపు వైద్యం అన్నీ ఆ ఇంటి విలువ నుంచే వచ్చాయి. అదే రోజు వరసలో నిలబడి వెనక్కి వెళ్లిన సైనికుడి మనుమలకు అది లేదు. మన దగ్గర 200 గజాల ప్లాటు ఒక కుటుంబాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్లిందో హైదరాబాదు శివార్లలో తిరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మన చట్టం సంగతి కూడా ఒక్క ముక్క. ప్రైవేటు ఇంటి అమ్మకంలో, అద్దెలో కులమతాల వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశానికి లేదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ సహకార గృహసంఘం తమ వాళ్లకే ఇళ్లు అనే నియమం పెట్టుకోవచ్చని 2005లో మన సుప్రీంకోర్టు సమర్థించింది. ప్లానింగ్ చదివేవాళ్లు ఆ తీర్పును తప్పక చదవాలి.

ఇక దివాలా విషయం. 1968లో లెవిట్ తన సంస్థను ఐటీటీ అనే పెద్ద కంపెనీకి 92 మిలియన్ డాలర్లకు అమ్మాడు. అందులో ఎక్కువ భాగం నగదుగా కాక ఐటీటీ వాటాలుగా వచ్చింది. పదేళ్ల పాటు అమెరికాలో ఇళ్ల నిర్మాణంలో పోటీకి దిగకూడదని షరతు. చేతినిండా కాగితం డబ్బు, చేయడానికి తెలిసిన పని లేదు. మూడో భార్య పేరుతో 237 అడుగుల విలాస నౌక కొన్నాడు. మిల్ నెక్‌లో భవంతి. వాటాలను తాకట్టు పెట్టి అప్పు తెచ్చి ఇరాన్, వెనిజులా, నైజీరియాల్లో ఊళ్లు కట్టబోయాడు. 1970లలో ఐటీటీ వాటా ధర కుప్పకూలింది. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చి అక్కడి పెట్టుబడి పోయింది. ఆస్తి పడిపోయినా అప్పు పడిపోలేదు. ఈ వృత్తిలో పెద్ద పెద్దవాళ్లు కూలింది ఇక్కడే: ఇల్లు కట్టడం తెలిసినవాడు, అప్పు కూడా అంతే నమ్మకంగా చేయవచ్చనుకుంటాడు.

పోటీ షరతు తీరాక ఫ్లారిడాలోని ఓర్లాండో దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. పేరు చూసి జనం, వాళ్లలో చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు, ముందే డబ్బు కట్టారు. ఆ డబ్బు ఖర్చయిపోయింది, ఇళ్లు లేవలేదు. కుటుంబం పేరిట పెట్టిన ధర్మనిధి సొమ్మును కూడా మళ్లించాడని న్యూయార్క్ అటార్నీ జనరల్ చర్య తీసుకున్నారు. తిరిగి కట్టడానికి ఒప్పుకోక తప్పలేదు. నౌక పోయింది, భవంతి పోయింది. నా దృష్టిలో అతని జీవితంలో అతి నీచమైన ఘట్టం ఇది. ప్రీలాంచ్ పేరుతో డబ్బు వసూలు చేసి చేతులెత్తేసే వాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. మన రెరా చట్టం 2016లో, కొనుగోలుదారులు కట్టిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలని అందుకే పెట్టింది. లెవిట్ మీద ఆ రోజుల్లో అటువంటి కట్టుబాటు ఉంటే ఆ వృద్ధులు మోసపోయేవాళ్లు కాదు.

1994 జనవరిలో, 86వ ఏట, లాంగ్ ఐలాండ్‌లోని మాన్‌హాసెట్‌లో చనిపోయాడు. ఒకప్పుడు తాను భారీగా విరాళాలిచ్చిన ఆసుపత్రిలోనే, చికిత్స ఖర్చులు చెల్లించలేని స్థితిలో.

అతని పేరు ఇంకా మిగిలిందా అని కూడా మీరు చూడాలి. లాంగ్ ఐలాండ్‌లో, పెన్సిల్వేనియాలో, ప్యూర్టోరికోలో ఊళ్లకు అతని పేరు ఉంది. న్యూజెర్సీ ఊరు మాత్రం 1963లోనే ఓటు వేసి ఆ పేరు తీసేసి, పాత విల్లింగ్‌బరో పేరు మళ్లీ పెట్టుకుంది. పెన్సిల్వేనియాలో డైసీ మైయర్స్‌ను 1999లో బ్రిస్టల్ టౌన్‌షిప్ మేయర్ మళ్లీ పిలిపించి, నలభై రెండేళ్ల నాటి దానికి ఊరి తరఫున క్షమాపణ చెప్పారు. భర్త అప్పటికే చనిపోయారు. ఆమె వచ్చారు. ఆ డిసెంబరులో టౌన్‌షిప్ ఆఫీసు ముందు దీపాలు వెలిగించిన క్రిస్మస్ చెట్టుకు 'మిస్ డైసీ' అని పేరు పెట్టారు.